కాపలావాడి ఇంట్లోనే కాపురం

రెండో నెల నిండేసరికి దగ్గు తగ్గుతుంది. పొద్దుగూకే వేళకు ఒళ్లు కాలిపోయే జ్వరం ఆనవాలు లేకుండా పోతుంది. నోటికి అన్నం రుచిస్తుంది, లుంగీ నడుముకు మళ్లీ నిలబడుతుంది. సరిగ్గా అప్పుడే మేస్త్రీ ఫోను చేస్తాడు. హైదరాబాద్‌లో స్లాబు పని పడింది, మనుషులు కావాలి, వస్తావా అని. ఇంకా 4 నెలల మాత్రలు మిగిలే ఉన్నాయి. రాయచూరు జిల్లా యాపలదిన్ని లాంటి ఊళ్లో ఒక క్షయ రోగికి ఈ పిలుపు వస్తే అతను ఏం చేస్తాడో చెప్పడానికి వైద్యం చదవనక్కర్లేదు. ఇంట్లో బియ్యం డబ్బా మూత తీసి చూస్తే చాలు.

అతను పనికి పోతాడు. కొన్నాళ్లకు వెంట తెచ్చుకున్న మాత్రలు అయిపోతాయి. ఊళ్లో అతని పేరు పక్కన ఒక మాట చేరుతుంది: మందు మధ్యలో మానేశాడు. ఆ మాటకు వెనకటి సర్కారీ పేరు 'డిఫాల్టర్'. బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాడికి వాడే మాట అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఆ పదాన్ని తన నిర్వచనాల్లోంచి తీసేసింది. కాగితం మీద కొట్టేసినంత తేలిగ్గా మనసుల్లోంచి పోయే మాట కాదది.

ఆ నింద అన్యాయమని చెప్పడానికి జాలి ఒక్కటే ఆధారం కానక్కర్లేదు. సూక్ష్మజీవి శాస్త్రమే సాక్ష్యం చెబుతుంది. అందుకు ఊపిరితిత్తి లోపలికి, అక్కడున్న ఒక కణం లోపలికి తొంగి చూడాలి.

1882 ఈ కథలో పెద్ద సంవత్సరం. ఆ మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన బ్యాక్టీరియాను పట్టుకున్నానని ప్రకటించాడు. అదే ఏడు సిసిలీ దీవిలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త నక్షత్రచేప పిల్లల పారదర్శకమైన ఒంట్లోకి సన్నటి ముల్లు గుచ్చి చూశాడు. తెల్లారేసరికి ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. ఒంట్లోకి చొరబడిన దాన్ని తినేసే కణాలు ఉంటాయని అతను వాదించాడు. 1908లో ఆ వాదనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే ఏడాదిలో ఒకరు శత్రువును చూపించారు, ఇంకొకరు కాపలావాడిని చూపించారు. ఆ ఇద్దరి మధ్య జరిగేది ముఖాముఖి యుద్ధం కాదని తెలియడానికి ఇంకో 90 ఏళ్లు పట్టింది.

మెచ్నికోవ్ చూపిన భక్షక కణాల్లో పెద్దది మాక్రోఫేజ్. ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి గదుల్లో ఇవి రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. దుమ్ము, పొగ, సూక్ష్మజీవి, ఏది కనపడినా చుట్టుముట్టి మింగేస్తాయి. మింగిన దాన్ని కణం లోపల ఒక చిన్న సంచిలో మూటగడతాయి. ఆ సంచి దగ్గరికి లైసోజోమ్ అనే ఇంకో సంచి వచ్చి కలిసిపోతుంది. లైసోజోమ్ నిండా ఆమ్లం, కరిగించే ఎంజైములు ఉంటాయి. కడుపులో అన్నం అరిగినట్టు మింగిన సూక్ష్మజీవి అందులో అరిగిపోవాలి. చాలా బ్యాక్టీరియాల గతి అంతే.

క్షయ బ్యాక్టీరియా అరగదు. 1971లో లండన్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒక వింత చూశారు. చచ్చిన బ్యాక్టీరియాను మింగిన సంచులతో లైసోజోములు మామూలుగానే కలిశాయి. బతికున్న బ్యాక్టీరియా ఉన్న సంచుల దగ్గరికి మాత్రం అవి వచ్చి కలవడం లేదు. లోపల ఉన్నదే గడియ వేసుకుంటోందన్నమాట. ఆ గడియ ఎలా పడుతుందో తర్వాతి దశాబ్దాల్లో ఒక్కొక్కటిగా బయటపడింది. సంచిలోకి ఆమ్లాన్ని తోడిపోసే పంపులను ఈ బ్యాక్టీరియా దరి చేరనివ్వదు. సంచి పొర మీద 'దీన్ని లైసోజోముతో కలపండి' అని గుర్తుగా ఉండే కొవ్వు అణువులను తన ఎంజైముతో చెరిపేస్తుంది. దాని ఒంటి మీది మైనపు పూత కూడా కలయికకు అడ్డుపడుతుంది. పూర్తిగా పండిన సంచిలో ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ 5 లేదా అంతకంటే తక్కువకు దిగాలి; అది తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు. క్షయ బ్యాక్టీరియా కాపురమున్న సంచిలో అది 6 పైచిలుకు దగ్గరే ఆగిపోతుంది. ఘాటు లేని పులుసు అది, ఏదీ కరగదు.

అక్కడితో ఆగదు. తను ఉన్న సంచి గోడకు కన్నం వేసే ప్రోటీన్లు దాని దగ్గర ఉన్నాయి. ఇనుము కావాలంటే కణం దాచుకున్న ఇనుమును లాగేసే అణువులు తయారు చేసుకుంటుంది. ఆకలేస్తే ఆ కణంలోని కొలెస్ట్రాల్‌నే తింటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బయటి నుంచి వచ్చి ఇంటి దొంగగా మారిపోవడమే దీని విద్య.

ఈ విద్య క్షయ బ్యాక్టీరియా ఒక్కదానిదే కాదు. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా సూదిలాంటి నిర్మాణంతో తన ప్రోటీన్లను కణంలోకి ఎక్కించి, తానున్న సంచిని తనకు అనువుగా మార్చుకుంటుంది. కుష్ఠు బ్యాక్టీరియా మాక్రోఫేజుల్లోనూ నరాలను చుట్టి ఉండే కణాల్లోనూ ఏళ్ల తరబడి ఉంటుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక సమావేశానికి వచ్చినవాళ్లను చంపిన లెజియోనెల్లాకు అసలు నివాసం నీళ్లలోని అమీబా. మాక్రోఫేజ్ తిన్నట్టే అమీబా కూడా బ్యాక్టీరియాను మింగి తింటుంది. అమీబా కడుపులో బతకడం నేర్చిన బ్యాక్టీరియాకు మనిషి మాక్రోఫేజ్ కొత్త చోటేమీ కాదు.

రాయచూరు పల్లెల్లో వీటన్నిటికంటే దగ్గరి ఉదాహరణ గొర్రెల మందలో దొరుకుతుంది. గొర్రెలు, మేకలు నెలలు నిండకుండానే ఈసుకుపోయే రోగం పశువులున్న ప్రతి ఊరికీ తెలుసు. బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా దానికి ఒక ముఖ్య కారణం. 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ దాన్ని చనిపోయిన సైనికుల ఒంట్లో గుర్తించాడు. మేకపాల ద్వారా అది మనుషులకు సోకుతుందని తర్వాత తేలింది. ఇదీ మాక్రోఫేజులోనే మకాం పెడుతుంది. మనిషికి సోకితే వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్ల నొప్పులు నెలల తరబడి వేధిస్తాయి. రెండు రకాల మందులు 6 వారాలు వాడితే తప్ప వదలదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. కణం లోపల దాక్కునే బ్యాక్టీరియాకు వైద్యం ఎప్పుడూ పొడుగ్గానే ఉంటుంది.

క్షయకు అంత పొడుగు ఎందుకో మందుల చరిత్రే చెబుతుంది. 1940లలో వచ్చిన స్ట్రెప్టోమైసిన్ మొదట అద్భుతంలా కనపడింది. 1948లో ఫలితాలు వెలువడిన బ్రిటన్‌లోని పేరుపొందిన పరీక్షలో, ఒక్క ఆ మందే వాడినవాళ్లలో చాలామందికి కొన్ని నెలలకే అది పనిచేయడం మానేసింది. బ్యాక్టీరియా దానికి లొంగకుండా తయారైంది. పైగా ఆ మందు కణం లోపలికి సరిగా పోదు, ఆమ్లంలో దాని పదును తగ్గుతుంది. బయట ఉన్న క్రిములను కొట్టింది, లోపల ఉన్నవి మిగిలిపోయాయి. పైరజినమైడ్ దీనికి పూర్తిగా వ్యతిరేక గుణమున్న మందు. ఆమ్లం ఉన్న చోటే అది పనిచేస్తుంది. ఆమ్లం చేరగలిగిన మాక్రోఫేజుల్లో, చీముపట్టి పుల్లబడిన కణజాలంలో బద్ధకంగా పడి ఉన్న బ్యాక్టీరియాను వెతికి చంపే గుణం దానిది. 1952లో క్షయ మీద ఆ మందు ప్రభావాన్ని లోకానికి తెలిపిన పరిశోధనల్లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల రసాయనవేత్తల పని ఉంది. అంతకు ముందు, 1948లో కన్నుమూసేదాకా, ఆ ప్రయోగశాల పరిశోధనలను నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పైరజినమైడ్ ఆయన కనిపెట్టింది కాదు. ఆయన పెంచిన ప్రయోగశాలలోంచి అది వచ్చిందన్న సంగతి తెలుగువాళ్లు గుర్తుంచుకోదగ్గది.

రిఫాంపిసిన్ అనే ఇంకో మందు, పైరజినమైడ్ కలిశాక ఏడాదిన్నర వైద్యం 6 నెలలకు దిగింది. ఇంకా తగ్గించాలని ప్రయత్నించారు. మందు మార్చి 4 నెలలకే ముగించి చూసిన మూడు పెద్ద పరీక్షల ఫలితాలు 2014లో వచ్చాయి. మూడింటిలోనూ రోగం తిరగబెట్టిన వాళ్లు ఎక్కువయ్యారు. 2021లో రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్సాసిన్ చేర్చిన ఇంకో 4 నెలల పద్ధతి నెగ్గింది కానీ, పల్లె ఆరోగ్య కేంద్రాల్లో నడుస్తున్నది ఇప్పటికీ 6 నెలల వైద్యమే. రెండు నెలలకే దగ్గు తగ్గడానికి కారణం వేగంగా పెరుగుతున్న బ్యాక్టీరియా చచ్చిపోవడం. మిగిలిన 4 నెలల మాత్రలు పెరగకుండా, కదలకుండా, కణాల లోపల కాలం వెళ్లదీస్తున్న కొద్దిపాటి బ్యాక్టీరియా కోసం. యాపలదిన్ని కూలీకి ఎవరైనా ఈ సంగతి అతని మాటల్లో కూర్చోబెట్టి చెప్పారా? 'ఆరు నెలలు మింగాలి' అనడం వేరు, 'నీ ఒంట్లో కాపలావాడి ఇంట్లో ఇంకా దొంగ పడుకునే ఉన్నాడు' అనడం వేరు.

అయితే కథలో ఇంకో సగం ఉంది. అసలు వాదమంతా ఆ సగం మీదే.

క్షయ బ్యాక్టీరియా ఒంట్లోకి చేరిన ప్రతివాళ్లకూ రోగం రాదు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మందికి అది సోకి ఉంటుందని అంచనా. వాళ్లలో 5 నుంచి 10 శాతం మందే జీవితకాలంలో రోగం పాలవుతారు. మిగతావాళ్లలో ఏం జరుగుతోంది? మోసపోయిన మాక్రోఫేజుకు టి కణాలు అనే మరో రకం రక్షక కణాలు కబురు పంపుతాయి. ఇంటర్‌ఫెరాన్ గామా అనే ఆ కబురు అందగానే మాక్రోఫేజ్ మేల్కొంటుంది. ఆగిపోయిన సంచిని మళ్లీ లైసోజోముతో కలుపుతుంది, విషవాయువుల్లాంటి అణువులు తయారు చేస్తుంది, బ్యాక్టీరియాను గట్టిగా నొక్కిపడుతుంది. కణాలన్నీ చుట్టూ గోడలా చేరి గడ్డ కడతాయి. దాని లోపల బ్యాక్టీరియా బందీ అవుతుంది. ఆ బందోబస్తు రోజూ కొనసాగాలి, సడలితే ముప్పే. దీనికి రుజువు ఊహించని దిక్కు నుంచి వచ్చింది. కీళ్లవాతం తగ్గించడానికి టీఎన్‌ఎఫ్ అనే అణువును అడ్డుకునే మందు వాడినవాళ్లలో కొందరికి నిద్రాణంగా ఉన్న క్షయ లేచి కూర్చుందని 2001లో గుర్తించారు. ఆ గడ్డ గోడను నిలబెట్టే దినుసుల్లో టీఎన్‌ఎఫ్ ఒకటి. దాన్ని ఆపితే గోడ కూలింది.

మందు లేకుండానే ఆ గోడను కూల్చేవి చాలా ఉన్నాయి. హెచ్‌ఐవీ టి కణాలనే తినేస్తుంది. మధుమేహం, పొగాకు, తాగుడు బలహీనపరుస్తాయి. రాతి దుమ్ము ఇంకో రకం. సిలికా రేణువులను మాక్రోఫేజ్ మింగుతుంది, అరిగించుకోలేక తానే పగిలి చస్తుంది. అందుకే గనుల్లో, క్వారీల్లో, రాయి కోసే చోట్ల పనిచేసి సిలికోసిస్ పట్టినవాళ్లకు క్షయ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. హట్టి బంగారు గనులు ఉన్నది ఈ రాయచూరు జిల్లాలోనే. గనిలో దిగే మనిషి ఊపిరితిత్తులను ఏటా పరీక్షించడం సంస్థ చేసే ఉపకారం కాదు, అతనికి రావాల్సిన జీతంలో భాగం.

వీటన్నిటినీ మించి మన దేశంలో ఆ గోడను కూల్చేది ఆకలి. ప్రోటీను చాలని ఒంట్లో టి కణాలు తగ్గుతాయి, కబురు నీరసంగా వెళ్తుంది, మాక్రోఫేజ్ మగతగానే ఉండిపోతుంది. వైరస్ లేకుండానే వచ్చిన ఎయిడ్స్ లాంటిది అనుకోవచ్చు.

ఈ విషయం పెద్దవాళ్లకు తెలియనిది కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన శానటోరియంలో, వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల మీద నిజాం కాలపు క్షయ ఆసుపత్రిలో వైద్యమంటే కొండ గాలి, విశ్రాంతి, కడుపునిండా తిండి. మందులు లేని రోజులవి. తిండీ గాలీ చాలలేదన్నది కూడా నిజమే. తెమడలో క్రిములు కనపడే రోగుల్లో సుమారు 70 శాతం మంది పదేళ్లలోపే చనిపోయేవారు. మందులు వచ్చాక 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలైంది. కొంతమంది రోగులను శానటోరియంలో ఉంచారు, కొంతమందికి ఇరుకు ఇళ్లలోనే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ల తిండి నాసిరకం. అయినా రెండు జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయని 1959లో తేల్చారు. ప్రపంచమంతా శానటోరియాల తలుపులు మూయడానికి, పేదవాడికి ఇంటి దగ్గరే వైద్యం అందడానికి ఆ ఫలితం దారి తీసింది. మానవజాతికి మద్రాసు ఇచ్చిన గొప్ప కానుక అది.

ఆ ఫలితాన్ని విధానకర్తలు చదువుకున్న తీరులో మాత్రం పొరపాటు దొర్లింది. మందుంటే మంచం అక్కర్లేదని మద్రాసు చెప్పింది. మందుంటే తిండి కూడా అక్కర్లేదని దశాబ్దాల పాటు కార్యక్రమాలు అర్థం చేసుకున్నాయి. రోగి మాత్ర మింగుతున్నాడా లేదా అని కళ్లతో చూడ్డానికి మనిషిని పెట్టారు. అన్నం తింటున్నాడా అని అడగడం ఎవరి బాధ్యతా కాలేదు.

ఆ లోటును కొలిచి చూపించిన పని ఇటీవలిది. కర్ణాటకలోని మంగళూరులో యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన అనురాగ్ భార్గవ, మాధవి భార్గవల బృందం జార్ఖండ్‌లో ఒక పెద్ద పరీక్ష చేసింది. 2,800 మంది క్షయ రోగులు, వాళ్ల ఇళ్లలో ఉన్న 10,345 మంది అందులో ఉన్నారు. రోగులందరికీ బియ్యం, పప్పు, పాలపొడి, నూనె కలిపి నెలకు 10 కిలోల సంచి ఇచ్చారు. సగం ప్రాంతాల్లో కుటుంబసభ్యులకు కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. 2023 ఆగస్టులో ఫలితాలు ప్రచురించారు. కుటుంబసభ్యులకు కూడా తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. గాలి ద్వారా అంటుకునే ఊపిరితిత్తుల క్షయలో ఆ తగ్గుదల 48 శాతం. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లకు చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా ఉంది. ఖర్చు? 2019 ధరల్లో రోగికి నెలకు సుమారు 13 డాలర్లు, ఇంట్లో మిగతావాళ్లకు మనిషికి 4 డాలర్లు. ఏ కొత్త టీకా ఈ ఫలితం తెచ్చినా పత్రికల మొదటి పేజీలు నిండిపోయేవి. పప్పు సంచి తెచ్చింది కాబట్టి లోపలి పేజీల్లో సర్దుకుంది.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం న్యాయం కాదు. రోగి తిండికి డబ్బిచ్చే నిక్షయ్ పోషణ్ యోజన 2018 ఏప్రిల్‌లో నెలకు 500 రూపాయలతో మొదలైంది, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలైంది. బాగా చిక్కిపోయిన రోగులకు మొదటి రెండు నెలలు అదనపు పోషకాహారం ఇవ్వాలని నిర్ణయించారు. 2022 సెప్టెంబరులో మొదలైన కార్యక్రమంలో దాతలు 'నిక్షయ్ మిత్ర'లుగా చేరి రోగులకు సరుకుల బుట్టలు ఇస్తున్నారు. వాళ్ల మంచి మనసును శంకించక్కర్లేదు. అభ్యంతరం ఏర్పాటు మీద. 1,000 రూపాయలంటే రోజుకు 33 రూపాయలు. అదీ బ్యాంకు ఖాతా, ఆధార్ జోడింపు అన్నీ సవ్యంగా ఉన్నప్పుడే చేతికొస్తుంది. వచ్చిన డబ్బు రోగి కంచంలోకే వెళ్తుందా, పిల్లల ఫీజుకు వెళ్తుందా అంటే, ఏ తల్లీ తండ్రీ ఏం చేస్తారో అందరికీ తెలుసు. ఇక దాత దొరికిన ఊళ్లో బుట్ట, దొరకని ఊళ్లో ఎదురుచూపు. రిఫాంపిసిన్ కోసం దాతను వెతుక్కోమని ఎవరూ అనరు. మాక్రోఫేజ్ మేలుకోవడానికి కావాల్సిన ప్రోటీను కూడా అలాంటి మందే అయినప్పుడు, దానికి దాత ఎందుకు కావాలి?

అందుకే ఈ వాదం: క్షయ ఇంటికి తిండి చీటీ మందుల చీటీతో పాటే రాయాలి. కర్ణాటకలో అన్నభాగ్య బియ్యం 2013 నుంచి రేషను షాపుల్లో నడుస్తోంది. తెలంగాణలో, ఆంధ్రలో రేషను వ్యవస్థ అంతకంటే పాతది. కొత్త దుకాణం తెరవక్కర్లేదు. ఆ ఇంటి కార్డు మీద 6 నెలలపాటు కంది పప్పు, శనగలు, నూనె, పాలపొడి అదనంగా చేరితే చాలు. ఇంట్లో అందరికీ. ఎందుకంటే ఆ ఇంటి గాలి పీల్చిన ప్రతి ఒక్కరి ఊపిరితిత్తుల్లో ఒక మాక్రోఫేజ్ ఇప్పటికే ఆ అతిథిని మింగి ఉండొచ్చు. బక్కచిక్కిన ఒంట్లో దాన్ని బందీగా పట్టి ఉంచే బలం ఉండదు.

మూడు రాష్ట్రాల పేర్లు చెప్పుకోగానే సరిహద్దు ఊరు యాపలదిన్ని మళ్లీ గుర్తొస్తుంది. తెలుగు చెవికి ఆ పేరులోనే వేప చెట్టూ మిట్ట నేలా వినబడతాయి. రాయచూరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. ఆ ఏడాది భాష పేరుతో గీత గీశారు కానీ చుట్టరికాలు గద్వాల, కర్నూలు వైపు సాగుతూనే ఉన్నాయి, కూలి దారి హైదరాబాద్‌కే పోతోంది. ఆరోగ్య కేంద్రం కార్డు కన్నడంలో, పని తెలంగాణలో, మాట తెలుగులో. క్షయ రోగుల వివరాలు నమోదు చేసే నిక్షయ్ పోర్టల్‌లో రోగి నంబరు దేశమంతటా ఒకటే. రేషను కార్డు కూడా ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుందని కేంద్ర పథకం చెబుతోంది. రెండు సౌకర్యాలూ విడివిడిగా ఉన్నాయి. వాటిని కలిపే పని ఒక్కటే మిగిలి ఉంది. రోగి హైదరాబాద్‌కు పోతున్నానని చెప్పిన రోజునే అతని నంబరు మీద మాత్రలూ, పప్పు సంచీ రెండూ అతను దిగే బస్తీకి దగ్గర్లోని కేంద్రంలో సిద్ధంగా ఉండాలి. పోతున్నానని చెప్పడానికి అతనికి భయం లేకుండా ఉండాలి. తిడతారని తెలిసిన మనిషి చెప్పకుండానే బస్సెక్కుతాడు.

ప్రతివాదం ఒకటి వినిపిస్తుంది. తిండి పెడితే రోగం పేరుతో జనం అలవాటు పడతారని, ఖర్చు పెరుగుతుందని. 2025 నాటికి క్షయను అంతం చేస్తామని దేశం 2018లో ప్రకటించింది. ఆ గడువు వచ్చి పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2023లో ఒక్క భారతదేశంలోనే సుమారు 28 లక్షల మంది కొత్తగా క్షయ బారిన పడ్డారు. ప్రపంచంలో ప్రతి నలుగురు రోగుల్లో ఒకరు ఇక్కడివారు. మందులకు లొంగని క్షయ ఒక్కరికి వస్తే దాని వైద్యానికి అయ్యే ఖర్చు ముందు పప్పు ఖర్చు ఎంత? రోగం వస్తే తిండి దొరుకుతుందని క్షయ కోరి తెచ్చుకునే మనిషి ఎక్కడా ఉండడు.

ఇంకో పని కూడా ఆ ఇంటి గడప దగ్గరే ఉంది. 2021 నుంచి మన దేశంలో రోగి ఇంట్లో ఉన్న అన్ని వయసుల వాళ్లకూ, రోగం లేదని తేలాక, నివారణ మందు ఇవ్వాలన్నది నియమం. వారానికి ఒకసారి చొప్పున 12 వారాల మందుతో ముగిసే పద్ధతి కూడా ఉంది. ఒంట్లో దాక్కుని ఇంకా లేవని బ్యాక్టీరియాను నిద్రలోనే చంపడం దాని ఉద్దేశం. ఒంట్లో బాగానే ఉన్న పిల్లకు మందెందుకు అని తల్లి అడిగితే, 'సర్కారు ఇమ్మంది' అనడం జవాబు కాదు. గొర్రెల మంద తెలిసిన ఇంట్లో చెప్పడం కష్టమూ కాదు. దొడ్డిలోకి తోడేలు ఇప్పటికే దూరి గడ్డివాములో పడుకుని ఉందమ్మా, లేవకముందే పట్టాలి అంటే ఆ తల్లికి అర్థమవుతుంది.

ఇదంతా మొదలుపెట్టడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. తెమడ పరీక్ష యంత్రాలు జిల్లా కేంద్రాల్లో ఉన్నాయి, మాత్రలు ఉచితంగా అందుతున్నాయి. ఆశా కార్యకర్త సంచిలో ఒక తూకం యంత్రం ఉండాలి. మొదటి రోజు రోగినీ, ఇంట్లో ఉన్న అందరినీ తూచి రాయాలి. నెలకొకసారి మళ్లీ తూచాలి. రెండో నెల చివర, మేస్త్రీ ఫోను వచ్చే రోజుల్లో, ఆ అంకె పెరగకపోతే ఆ ఇంటికి ముందు చేరాల్సింది పప్పు సంచి. ఆ తర్వాతే, మందు సరిగా మింగుతున్నావా అన్న ప్రశ్న.